అడగని జవాబు

అమెరికాలోని టెనెసీలో బుధవారం ప్రార్థనకు ముందు, చర్చి వంటగదిలో తల్లీకూతుళ్లు బంగాళాదుంపలకు చెక్కు తీస్తున్నారు.

“జీవశాస్త్రం పరీక్షలో ఏమడిగారే?”

“వెన్ను చివర తోక ఎముక దేనికి రుజువని.”

“ఏం రాశావ్?”

“మన పూర్వీకులకు తోకుండేదని. పుస్తకంలో అదే ఉందమ్మా.”

“మార్కుల కోసం కోతికి మనవరాలివైపోయావన్నమాట!”

“పూర్తిగా విను. దాని కింద, ‘ఇది పుస్తకం మాట. మనం కూర్చోవడానికి కావలసిన కండరాలు ఆ ఎముకనే పట్టుకుని ఉంటాయి. దాన్ని దేవుడు కావాలనే పెట్టాడని నా నమ్మకం’ అని కూడా రాశా.”

“టీచరేమంది?”

“మార్కులన్నీ వేసింది. కింద రాసిన మాటల పక్కన మాత్రం ‘ఇది అడగలేదు’ అని ఎర్రసిరాతో రాసింది.”

“అడక్కపోయినా చెప్పావా, నా తల్లీ! ఇవాళ ప్రార్థనలో అందరూ తమ విశ్వాసం గురించి సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి ఇదే చెప్పు. ఈ వంటగది వదిలేసి ముందు వరసలో కూర్చుంటా.”