చెల్లని ఓటెవురిది?

హిందూపురం, పెనుకొండ రోడ్డు. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నిక ఫలితం వచ్చిన సాయంత్రం. కౌన్సిలర్ ఓబుళప్ప చింతపండు మండీ గోడౌను.

"ఆ పైపు ఇట్లియ్యి ఓబుళన్నా. ఇంగొగ దెబ్బ పడితే చచ్చిపోతాడు."

"చావనీ. నువ్వు పక్కకి జరుగు రామాంజీ."

"జరగను. ఏందన్నా ఇది? మనిషిని కుర్చీకి కట్టేసి గొడ్డును కొట్టినట్ల కొడతారా? వాళ్ళూరికి ఎంపీటీసీ ఆయప్ప."

"ఎంపీటీసీని చేసిందెవురు? లేపాక్షిలో ఆటో తోలుకుంటాండేటోన్ని తెచ్చి, కండువా కప్పి, ఊరూరూ తిప్పి గెలిపిస్తి. నేను చేస్తి, నేనే దించుతా."

"రామాంజన్నా... నీళ్ళు..."

"ఇస్తా దస్తగిరీ, ఉండు. అన్నా, రెండు గుక్కలు తాగనీ."

"చుక్క పోసినావంటే నీకూ పడతాది. నీళ్ళంట నీళ్ళు! ఆడ మా తమ్ముడు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఓడిపోయినోని గొంతు ఎండిపోతాంటే, ఓడగొట్టినోనికి నీళ్ళా?"

"వాని చెయ్యేందన్నా అట్లుండాది? ఆ వేళ్ళేమైనాయి?"

"ఓటు రాసిన వేళ్ళు గదా. రెండిరిగినాయి. ఇంగా ఉండాయిలే."

"అయ్యో, అన్నా..."

"వెంకటస్వామన్నకే రాస్తి సామీ. ఆయన పేరెదురుగానే ఒగటి పెడితి. నా బిడ్డ మీద ఒట్టు..."

"నోర్ముయ్! బిడ్డను తెస్తావా మధ్యలోకి?"

"కొట్టద్దన్నా! నా మాటిను. వాడు కాదు. ఆ మాట చెప్పేకే అనంతపురం నుంచి బండి మీద పడి వస్తి. ఎన్నిసార్లు ఫోన్ చేస్తి! ఎత్తితివా?"

"ఎత్తేదేముండాది? చెప్పాల్సింది నువ్వు చెప్పేస్తివి గదా. ఒగ్గ ఓటుతో పోయినాం, మనదొగటి చెల్లకపోయింది అని."

"అంతే గదా చెప్పింది! మాట ముగీకముందే పెట్టేస్తివి. దస్తగిరి పేరు నా నోట్లో నుంచి వచ్చినాదా?"

"నీ నోట్లో నుంచి రావల్లనా? నాకు కండ్లు లేవా? ఆ బెంగుళూరు క్యాంపులో అందరూ తిని, తాగి, పేకాడుకుంటాంటే వీడొగడే నా ఎంబడి తిరిగినాడు. 'రాసేటప్పుడు తప్పు పోతే ఓటు ఏమైతాది సామీ' అని. ఒగసారి కాదు, నాలుగుసార్లు. అడిగినావా లేదా రా?"

"అడిగితి సామీ. భయమై అడిగితి. ఎప్పుడూ ముద్రేసేటోన్ని. ఈసారి ముద్ర లేదు, పేరెదురుగా అంకె రాయల్ల అంటిరి. నా చేతిరాత బాగుండదు, అందుకని..."

"చేతిరాత బాగుండదంట! ఇంగ అసలే రాయలేవులే."

"అన్నా, అడిగినోడు ఎవుడన్నా కావాలని చెడగొడతాడా? చెడగొట్టేటోడు నిన్ను అడిగి పోతాడా? రవ్వంత ఆలోచన చెయ్యి."

"నువ్వేంది వాని తరపున వకీలు మాదిరి? నిన్ను కౌంటింగు ఏజెంటుగా పంపింది మనకోసమా, వానికోసమా? ఆ ఒగ్గ ఓటు చెల్లింటే సమానమయ్యేది. చీటీ ఎత్తేటోళ్ళు. మా తమ్ముని పేరు రావచ్చు గదా. రావచ్చునా లేదా?"

"రావచ్చు."

"ఎమ్మెల్సీ వెంకటస్వామి! బ్యానర్లు కూడా కట్టిపెట్టినాం పెనుకొండలో. వాడు ఇప్పుడు కారులో వస్తాండాడు, తెలుసునా? ధర్మవరం కాడ కారాపి, బంకులో క్యాను నింపుకున్నాడంట."

"క్యానా? యాలకి?"

"యాలకంటే? తాగేకా? నేను పైపుతోనే ఆపితి. వాడు కాలుస్తా అంటాండాడు."

"సామీ! సామీ, వద్దు సామీ! రామాంజన్నా, చెప్పన్నా..."

"దస్తగిరీ, అరవద్దప్పా, నేనుండా. ఓబుళన్నా, ఇంటాండావా? ఆ చెల్లని ఓటు కాగితం నేను చూసినా. ఈ రెండు కండ్లతో చూసినా."

"చూసినావా? ఎవురికి రాసుండాది?"

"మనకే. స్వామన్న పేరెదురుగానే ఒగటి. నిలువుగా, ముత్యం మాదిరి. ఆ అంకెకు వంక పెట్టేదానికి లేదు."

"మళ్ళ చెల్లకపోయేదేంది వాళ్ళమ్మా!"

"పైన రాత ఉండాది. అంకె తప్ప ఇంగేం రాయకూడదంట. ఓటేసినోడు ఎవురో ఆనవాలు తెలిసేట్టు రాత ఉంటే తీసేస్తారంట. ఆఫీసరు అందరికీ చూపిచ్చి చెప్పినాడు. నేను కొట్లాడితి. ఆయప్ప పుస్తకం తీసి చదివి వినిపిచ్చె. తలూపక ఏం చేసేది?"

"ఏం రాసినాడు? పేరు రాసినాడా ఎదవ?"

"పేరు కాదు. శ్రీ."

"ఏందీ?"

"శ్రీ అన్నా. కాగితం నెత్తిన, నట్టనడుమ. దాని కింద రెండు గీతలు. ద్రోహం ల్యాదు, ఏం ల్యాదు. మనోళ్ళు ఎవురో మంచి జరగల్లని రాసుకున్నారు పాపం. దస్తగిరి రాస్తే ఏడెనిమిదారు రాస్తాడు గానీ, శ్రీ యాడ రాస్తాడు? నువ్వే చెప్పు."

"రెండు గీతలా?"

"రెండు. పైది పొడుగు, కిందిది పొట్టి. పైపు కింద పెట్టినావు, మేలు. ఇంగ కట్లిప్పుతా వానికి."

"ఉండు. ఏ రంగుతో ఉండాది?"

"ఆడ అందరికీ ఇచ్చింది ఒగటే గదా, ఊదా పెన్ను. దాంతోనే. నేను దావ పొడుగునా అదే ఆలోచన చేసుకుంటా వస్తి. ఎవురబ్బా ఇది అని. తిట్టల్లని కాదు, ఊరికే. కాగితం కనపడితే చాలు శ్రీ పెట్టేది మండీలోళ్ళు గదా. తూకం చీటీ రాసేముందు పెడతారే, అట్ల. క్యాంపులో ఉండిన మనోళ్ళను ఒగరొగర్నే లెక్కేసుకుంటి. రొద్దం చెన్నప్పది సేద్యం. పెనుకొండ పుష్పావతమ్మ బడిపంతులమ్మగా చేసి మానుకునింది. ఈరక్కకు సంతకమే కష్టం. ఇంగ మండీ ఉండేది..."

"ఆపేస్తివే? ఉండేది?"

"అన్నా..."

"చెప్పు."

"నీకే గదన్నా."

"నేను రాయలేదు."

"నువ్వు గోడౌన్లో ప్రతి చీటీకీ..."

"రాయలేదంటే రాయలేదురా! లోపలికి పోతి. పెన్నిచ్చిరి. కాగితం పరిచితి. ఎడమ చేత్తో నున్నగా దువ్వితి... దువ్వి..."

"దువ్వి?"

"గుర్తుల్యాదు నాకు."

"నిదానంగా..."

"గుర్తేముంటాదిరా, నేను రాస్తే గదా! చెయ్యి రాస్తాది. శ్రీ పెట్టకుండా కాగితం మీద ఇంకు పడితే మా నాయన తక్కెడ కట్టెతో వేళ్ళ మీద కొడతాండె. పెండ్లి ఖర్చులు రాసినా శ్రీనే, చాకలి బట్టలు రాసినా శ్రీనే. ఆపొద్దు మా తమ్ముని పేరు చూస్తి. అంత పెద్ద కాగితం మీద మా వాని పేరు! కండ్లల్లో నీళ్ళు తిరిగె. వానికి మేలు జరగల్ల స్వామీ అనుకుంటి. రాసింటా రామాంజీ. రాసింటా. నా చెయ్యి పడిపోనూ!"

"అరవద్దన్నా, బయట మనోళ్ళుండారు."

"నేనే... మా వాన్ని నేనే..."

"కావాలని చేసిందా? కాదు గదా. కూర్చో. ఇదో, నీళ్ళు తాగు. దస్తగిరీ, నువ్వూ తాగప్పా. మెల్లగా, పెదివి చీలింది."

"రామాంజన్నా, నీ రుణం ఉంచుకోను..."

"మాట్లాడద్దు, తాగు. అన్నా, నీ ఫోను మోగతాండాది."

"వాడే. హలో... ఆ తమ్మూ. పెనుకొండ దాటినావా? ఆ... ఆ. ఉండాడు. బతికే ఉండాడు. లేదు, నువ్వొచ్చేదాకా ఏం చెయ్యం. ఏడవద్దురా. ఏడవద్దు. ఆ, రా."

"ఫోన్లోనే చెప్పేయాల్సింది."

"ఏమని చెప్పల్ల?"

"ఉండేది ఉన్నట్ల. తోడబుట్టినోడు, నిన్నేం చేస్తాడు?"

"చంపితే బాగుండు. చంపడు. ఏమీ అనడు. లేచి పోతాడు, అంతే. వానికి ఊహ తెలిసేసరికి మా నాయన పోయె. నేనే స్నానం చేపిస్తి, నేనే బడికి తోలితి. బోరు కింద భూమంతా ఈ ఎన్నికకు పోగొట్టుకున్నాడు, నేనుండానని. రేపట్నుంచి నా మొగం చూడడు. హిందూపురమంతా పగలబడి నవ్వుతాది, తమ్మున్ని అన్నే ఓడగొట్టినాడని. నాకు భయమైతాందిరా రామాంజీ. నిజంగా భయమైతాంది."

"నీ భయానికి వీన్ని కాలబెడతారా?"

"నేనట్ల అంటినా? ఇంతకీ ఇది ఎవురెవురికి తెలుసు?"

"ఆడ చూసినోళ్ళకు శ్రీ అని తెలుసు. నీదని నాకు తప్ప తెలీదు."

"మా తమ్మునికి?"

"ఆయప్ప అప్పటికే బయటికొచ్చి కారులో తల పట్టుకోని కూర్చోనుండె. శ్రీ సంగతి కూడా తెలీదు. ఒగటి చెల్లలేదని మాత్రమే తెలుసు."

"నీ ఫోన్లో ఫొటో ఏమన్నా?"

"లోపలికి ఫోన్లు యాడ పోనిస్తారన్నా?"

"సరే. దస్తగిరీ."

"సామీ."

"అంతా ఇంటివా?"

"ఇనలేదు సామీ. చెవుల్లో గుయ్యిమంటాండాది."

"ఇంటివిలే. నీ పెండ్లాం నఫీసా గేటు కాడ మట్టిలో కూర్చోని ఏడుస్తాండాది. ఇంటికి పోవల్లని ఉండాదా?"

"ఉండాది సామీ. కాళ్ళు మొక్కుతా."

"పోదువు. నేనెట్ల చెప్తే అట్ల ఉంటే పోదువు."

"వాన్నెందుకన్నా బెదిరిస్తావు? నేనిప్పుడే కట్లిప్పి ఆస్పత్రికి తీసకపోతా. పోలీసులకాడికి పోము. ఆటో బోల్తా పడిందని రాపిస్తా."

"ఇప్పద్దు. తమ్ముడు రానీ."

"ఆయప్ప వచ్చి క్యాను మూత తీస్తే?"

"నేను చూసుకుంటా."

"ఎట్ల చూసుకుంటావు? నిజం చెప్తావా? నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. నువ్వంటే నాకు ప్రాణమే, కానీ ఒగ మనిషిని కాలుస్తాంటే నోరు మూసుకోని నిలబడేది నాతో కాదు. తిట్టుకున్నా పర్వాలేదు, నేను చెప్తా."

"చెప్తావా?"

"చెప్తా."

"మంచోడివిరా రామాంజీ. మొదట్నుంచీ మంచోడివే."

"కారొచ్చినట్లుండాది. లెయ్యన్నా. భయపడద్దు, నేను పక్కనే ఉంటా."

"యాడన్నా వాడు? వీడేనా? జరగండి. అందరూ బయటికి పోండి, నాకు ఈడ ఎవురూ వద్దు."

"తమ్మూ, ఆగు. ఆ క్యాను కింద పెట్టు. వీడు కాదు."

"వీడు కాదా? మళ్ళెవుడు?"

"చెప్పు ఓబుళన్నా. ధైర్యంగా చెప్పెయ్యి."

"చెప్తా. మనదొగటి చెల్లలేదన్నారు గదా తమ్మూ? అది చక్కంగ చెల్లే ఓటు. అంకె ముత్యం మాదిరి ఉండాదంట. ఆఫీసరు చెల్లదంటే, కొట్లాడాల్సినోడు తలూపి వచ్చినాడు. ఎందుకు తలూపినాడో ఇప్పుడే నా కాళ్ళు పట్టుకోని ఒప్పుకున్నాడు. వాళ్ళకు అమ్ముడుపోయినాడు. ఇదో, ఈ రామాంజి."

"అన్నా! ఏమంటాండావన్నా?"

"రేయ్, తలుపెయ్యండ్రా!"

"స్వామన్నా, అబద్ధం! నా పేగు తెగినా అట్లాంటి పని చేస్తానా? ఆ ఓటు... ఆ ఓటు మీయన్నదే! చెయ్యి యిడువు... దస్తగిరీ, నువ్వింటివి గదప్పా! నీ ఎదురుగానే గదా అంతా అనింది. నీకోసమే గదా నేను వస్తి. చెప్పప్పా!"

"అన్నా, నువ్వు ఊరికే ఉండు. రామాంజీ, నువ్వూ నోర్ముయ్. మీ ఇద్దరి మాటా నాకొద్దు. దస్తగిరీ, ఇంతసేపూ ఈడే ఉన్నోడివి నువ్వు. ఈ వెంకటస్వామి అడుగుతాండాడు. ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు సామీ. కాళ్ళు పట్టుకోని ఒప్పుకున్నాడు. నా కట్లిప్పండి, నేనింటికి పోతా."