ముసలి ఎన్నెల్లో కణుజు

జోగిరెడ్డికి కళ్లు పోయాయని ఊరంతట్లో ఒక్క కోడలికే తెలుసంట. కొడుక్కి కూడా తెలీదు. ఒక్కసారిగా పోతే అందరికీ తెలిసేది. అలా కాదు, పొద్దు వాలినట్టు మెల్లగా పోయాయి. ముందు దూరం కొండలు పోయాయి, తర్వాత ఎదురింటోళ్ల మొహాలు పోయాయి, ఆఖరికి ముందు పెట్టిన కూడు పోయింది. ఆ కూడు దగ్గరే కోడలు కనిపెట్టేసింది. చెల్లాయి ఆ పిల్ల పేరు. అంబలి ముంత ఇటు పెడితే ఆయన చెయ్యి అటు తడుముతా ఉందంట. ఈ పిల్ల ముంతని ఆయన చేతికిందకి జరిపింది. "అమ్మీ, తెలిసిపోయిందా" అన్నాడాయన. తెలిసింది మావా అంది. "పండుకి చెప్పకు. ఎవరికీ చెప్పనని నాకు మాటియ్యి" అన్నాడు. ఇచ్చింది. పండు అంటే పండురెడ్డి, ఆయనకి ఒక్కడే కొడుకు, ఈ పిల్లకి మొగుడు.

ఎందుకంత గుట్టు అంటారా, చెప్తాను. ఆ కొండమీద ఊళ్లో ఒక పద్ధతుంది. ఎండాకాలంలో పోడు కాల్చేశాక, ఇత్తనం చల్లకముందు, మొగోళ్లందరూ వేటకెళ్లాలి. ఏదో ఒక జంతువు నెత్తురు ఇత్తనాల బుట్టలో పడితేనే గింజ నేలలో పడాలి. ఆ వేటకి రోజు చెప్పేది జోగిరెడ్డి ఇల్లు. ఆయన చందురుణ్ణి కళ్లారా చూసి, ఫలానా రోజు అంటే ఆ రోజే. ఇంకోటుంది, అది బాగా వినండి. ఏ ఇల్లు రోజు చెప్తాదో ఆ ఇంటి కుర్రోడే ఈటె పట్టుకుని అందరికన్నా ముందు నడవాలి. కళ్లు లేవని తెలిస్తే ఆ మర్యాద ఇంకో ఇంటికి పోతాది. అదీ ఆయన బాధ.

రోజు చెప్పడమంటే ఊరికే కాదు మరి. జోగిరెడ్డి లెక్క ఏంటంటే, నిండు ఎన్నెల్లో కణుజు, అదే కొమ్ముల పెద్దదుప్పి, రాత్రంతా మేస్తాది. దీపం పెట్టి వడ్డించినట్టే కదా దానికి. కడుపు నిండాక తెల్లారకముందే పోయి ఏ వెదురుపొదలోనో పడుకుంటాది, పగలు నువ్వు డప్పులు కొట్టినా లేవదు. పోనీ ఎన్నెల అసలు లేని రోజుల్లో ఎళ్దామా అంటే, మనకి దారి కనబడదు, కొండ దిగేలోపే సగంమంది కాళ్లు ఇరగ్గొట్టుకుంటారు. అందుకని పున్నమి పోయాక, చందురుడు ముసలాడయ్యి, జనం ఒక నిద్ర తీసి లేచే యేళకి సగం మొహంతో ఒస్తాడు చూడండి, అప్పుడెళ్లాలంట. అప్పటిదాకా పులి భయానికి చీకట్లో బిక్కుబిక్కుమంటా నిలబడ్డ కణుజు, ఎన్నెల రాగానే మేతకి దిగుతాది. కూడు ఆలస్యంగా మొదలెట్టినోడు ఆలస్యంగానే లేస్తాడు కదా. తెల్లారినా దాని కడుపు నిండదు. నడవడానికి మొగోళ్లకి ఆ ఎన్నెలే దారి చూపిస్తాది, బాణం వేసే యేళకి తెల్లారి ఉంటాది. అదన్నమాట లెక్క.

పోయినేడు ఏమైందంటే, రోజు బాగానే చెప్పాడు, కణుజూ బాగానే దొరికింది. కుక్కలు తరిమితే వాగులోకి దూకి, అక్కడ ఎదురు తిరిగింది. ముందున్నది పండురెడ్డి. కొమ్ముతో తొడ చీరేసింది. జంతువుని కొట్టారు, ఈణ్ణి మోసుకొచ్చారు. రెండింటినీ కర్రలకి కట్టే తెచ్చారంట. కొండ మీంచి చూస్తున్న చెల్లాయికి దూరాన ఏది కణుజో ఏది మొగుడో తెలీలేదు. పసర్లు పోసి, కట్లు కట్టి, వానలెళ్లేదాకా చాకిరీ చేసి లేపింది. మళ్లీ ఎండాకాలమొచ్చి పోడు కాలుస్తుంటే, ఆ పొగ వాసనకే ఆ పిల్ల కళ్లు మొగుడి తొడమీద మచ్చకి పోయేవంట. మొగుడికి చెప్పి చూసింది, ఈసారికి ఇంకెవర్నన్నా ముందు నడవమను అని. "మా అయ్య రోజు చెప్తే ఇంకోడెందుకు నడుస్తాడు? నేనేం చెయ్యాలి, నీ పక్కన కూర్చుని సామలు దంచాలా" అన్నాడాడు. "దంచితే చేతులరిగిపోతాయా" అంది. నవ్వేసి ఎళ్లిపోయాడు.

మావకి కళ్లు లేవని ఒక్క మాట ఊళ్లో అంటే సరిపోయేది కదా, మొగుడు ఎనకవరసలోకి పోయేవాడు. కానీ మాటిచ్చేసింది. చూడండి చిత్రం, మాట తప్పడానికి మనసొప్పలేదు గాని అబద్ధమాడ్డానికి ఒప్పుకుంది. పొద్దుగూకాక మావ అరుగుమీద కూర్చుని "అమ్మీ, చందురుడొచ్చాడా" అని అడగడం రోజూ ఉన్నదే. ఈవిడ చెప్తాది, ఆయన తలూపుతాడు. ఒక పూట మావ అడిగేటప్పటికి వాకిలంతా ఎన్నెలే. పున్నమి ఎల్లి ఎంతో కాలేదు. ఈ పిల్ల ఆ ఎన్నెల్లో నిలబడి, "ఇంకా రాలేదు మావా, చీకటిగా ఉంది" అందంట. ఆయన వాకిట్లో పిల్లల చప్పుడుకి ఒక చెవి ఒగ్గి, "అయితే ముసలాడయ్యాడన్నమాట" అన్నాడు. పొద్దున్నే ఊరి పెద్దకాపు ముందు నిలబడి, రేపే వేట అని చెప్పేశాడు.

ఆ ఊళ్లో సింగిరెడ్డి అనేవాడొకడున్నాడు. రోజు చెప్పే మర్యాద తన ఇంటికి రావాలని ఎప్పట్నించో ఆడి కోరిక. "ఎన్నెల పిండారబోసినట్టుంటే వేటేంటి? మనకోసం కణుజులు పగలు మేల్కొని కూర్చుంటాయా" అన్నాడు. "జోగిరెడ్డి చూసి చెప్పాడు, నువ్వు ఏటా ఏదోటి అంటానే ఉంటావు" అని పెద్దకాపు నోరు మూయించాడు. సరే, ఎల్లారు. పొద్దుగూకే యేళకి ఉత్త చేతుల్తో ఒచ్చారు. కుందేలన్నా లేదు. ఉత్త చేతుల్తో ఒస్తే అక్కడ ఏం చేస్తారంటే, ఆడోళ్లు పేడనీళ్ల కుండలు పట్టుకుని ఊరి మొదట్లో నిలబడతారు. "ఏం బావా, నిన్ను చూసి కణుజు సిగ్గుపడిందా" అని ఒకతి, "ఆ ఈటెలిలా ఇవ్వండి, పాదులకి పందిరేసుకుంటాం" అని ఒకతి. చెల్లాయి కూడా మొగుడి నెత్తిన పోసి తెగ నవ్విందంట. నవ్వదా మరి, మనిషి రెండు కాళ్లమీదా నడిచొచ్చాడు. మర్నాడూ అంతే, ఉత్త చేతులే. ఈసారి నవ్వు ముదిరిపోయింది. సింగిరెడ్డి మరదలు కుండంతా పండురెడ్డి మీద బోర్లించి, "రేపట్నించి మీరు పొయ్యి రాజెయ్యండి బావా, మేమెళ్తాం" అంది. పండురెడ్డికి మొహం మాడిపోయింది. పేడ కారతా ఉన్న మొహంతోనే, "జంతువుని కొట్టకుండా ఈ ఊళ్లో అడుగు పెట్టం" అని ఒట్టేశాడు. మిగతావాళ్లూ ఈటెలు నేలకేసి కొట్టి ఒట్టేశారు. చెల్లాయి చేతిలో కుండ అలాగే ఉండిపోయింది.

ఇంక అంతే. పక్క కొండలో ఏమీ లేదు, దాని అవతల కొండకెళ్లారు, అక్కడా లేదు, ఇంకా లోపలికెళ్లారు. ఇక్కడ ఇత్తనాలు బుట్టల్లోనే ఉన్నాయి, ఒక జల్లు ఒచ్చి పడి పోయింది కూడా. తేనెకెళ్లినోళ్లు తిరిగొచ్చి ఏం చెప్పారంటే, మీవోళ్ల పొగ పులిలోయ అవతల కనబడింది, అక్కడ పొద్దున పులి అరుపు కూడా విన్నాం అన్నారు. మొగుణ్ణి ఇంట్లో ఉంచుకుందామని ఆడిన అబద్ధం, మొగుణ్ణి పులి గుమ్మంలో కూర్చోబెట్టింది.

చెల్లాయి మావ దగ్గరకెళ్లి నేలమీద కూర్చుంది. "మావా, ఆ పూట చందురుడు రాలేదన్నాను. వాకిలి నిండా ఉన్నాడు" అంది. జోగిరెడ్డి అటు తిరక్కుండానే, తెలుసు అన్నాడంట. ఆ పూట పిల్లలు వాకిట్లో పరుగులెత్తి ఆడుతున్నారు, చీకట్లో ఎవరాడతారు అన్నాడు. అయినా పున్నమి ఎల్లి ఎన్నాళ్లైందో నాకు తెలీదా అన్నాడు. "మరి తెలిసీ రేపే వేటని ఎందుకు చెప్పావు మావా?" "నాకు మాత్రం ఎంతమంది కొడుకులున్నారమ్మీ. నిండు ఎన్నెల్లో పంపిస్తే ఏమీ దొరకదు, పేడనీళ్లు పోయించుకుని ఇంటికొస్తాడు, తర్వాత ఏ పందో పడకపోద్దా అనుకున్నాను. నీ అబద్ధం నాకు పనికొచ్చింది." ఇద్దరూ అన్ని లెక్కలూ వేశారు గాని, మనిషికి రోషం ఉంటాదన్న లెక్క వెయ్యలేదు.

ఇప్పుడు దారేంటంటే ఒక్కటే దారి. చూడకుండా చెప్పిన రోజు రోజు కాదు. రోజు కానప్పుడు అది వేట కాదు, ఆ ఒట్టూ ఒట్టు కాదు. ఉత్త చేతుల్తో దిగొచ్చినా ఎవరూ నవ్వరు. కానీ ఆ మాట జోగిరెడ్డే ఎల్లి, తన నోటితో, అందరి ముందూ చెప్పాలి. ఎండలో ముసలాడు కొండెక్కలేడు కాబట్టి చందురుడు లేచాక బయల్దేరారు. అప్పటికి చందురుడు నిజంగానే ముసలాడయ్యాడు, జనం ఒక నిద్ర తీశాకే ఒస్తున్నాడు. మావ కోడల్ని ముట్టుకోడు కదా, వెదురుకర్ర ఒక కొస ఈవిడ పట్టుకుంది, ఇంకో కొస ఆయన పట్టుకున్నాడు. అలా ఎల్తా ఎల్తా ఒకచోట దారి సన్నగా, పక్కన అగాధం. కర్ర పనికిరాలేదు. "నా భుజంమీద చెయ్యెయ్యి మావా" అంది. ఆయన చాలాసేపు నిలబడి, అప్పుడేశాడంట. ఆ దారి దాటాక ఆ చెయ్యి తియ్యనూ లేదు, ఈవిడ తియ్యమననూ లేదు.

తెలతెల్లవారతా ఉండగా ఒక మడుగు దగ్గరకొచ్చారు. ముందు విన్నది ముసలాడే. కర్ కర్మని ఆకు నమిలే చప్పుడు. భుజం నొక్కాడు. ఆగిపోయింది. "ఎంతుంది" అని చెవిలో అడిగాడు. "పెద్దది మావా. పోతు. నీళ్లలో మోకాలిదాకా దిగుంది. వీపుమీద ఎన్నెల పడతా ఉంది." మొగోళ్ల నిప్పు ఆ పైగట్టుమీదే ఉంది, ఒక్క కేకకి అందేంత దూరం. చూశారా ఇప్పుడు. ఒక్క కేకేస్తే చాలు. జంతువు దొరుకుతాది, ఇత్తనాలు పడతాయి, ఒట్టు నెగ్గుతాది, ముసలాడి గుట్టు గుట్టుగానే ఉండిపోతాది. ఆయనా అదే అనుకున్నాడు, "కేకేస్తే నేను చెప్పాల్సింది ఏమీ ఉండదమ్మీ" అన్నాడు. కానీ నిద్దట్లోంచి లేచినోళ్లు ఎగుడుదిగుడు రాళ్లమీద పడి దూకుతారు, ముందు దూకేది పండురెడ్డి, కిందేమో మళ్లీ నీళ్లూ కణుజూ కొమ్ములూ. ఆ పిల్ల నోరు తెరవలేకపోయింది. ఒద్దనీ అనలేకపోయింది. ఆయన ఆ భుజంమీద చెయ్యుంచి అలాగే ఉన్నాడు, ఆ భుజం ఒణుకుతుందో లేదో ఆయనకే తెలియాలి. కాసేపటికి గొంతు సవరించుకున్నాడంట. మామూలుగా, ఇంట్లో సవరించుకున్నట్టు. కణుజు తలెత్తి, కాలు నేలకేసి కొట్టి, ఒక్క గెంతు గెంతి పోయింది. "పద" అన్నాడు.

నిప్పు దగ్గర మొగోళ్లు లేచేటప్పటికి ముందు కనబడింది ఆ చెయ్యే. కోడలి భుజంమీద మావ చెయ్యి. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అయినా చెప్పాడు. "నాకు కళ్లు లేవు. పోయినేడాది వానల్లోనే పోయాయి. నేను చూడకుండా రోజు చెప్పాను. మీ ఒట్టు చెల్లదు, ఇంటికి పదండి" అన్నాడు. కోడలి మాట ఎత్తలేదు. ఎత్తకపోతే ఊరుకునేదేనా అది, "చందురుడు రాలేదని చెప్పింది నేను" అంది. పండురెడ్డి పెళ్లాన్ని చూసి "ఎందుకు" అన్నాడు. "నీ తొడ కట్టింది నేను కదా" అందంట. అంతే. ఆడు తల దించుకుని, "దీనికి చెప్పావు, నాకెందుకు చెప్పలేదయ్యా" అని తండ్రినడిగాడు. "ముందు నడిచేవోడు ఎనక్కి చూసుకోకూడదని" అన్నాడు ముసలాడు. పెద్దకాపు నిప్పులోకి పుల్ల తోసి, "అయితే రోజు చెప్పేది ఇంక సింగిరెడ్డి ఇల్లు" అన్నాడు. సింగిరెడ్డి లేచి నిలబడ్డాడు గాని, ఈటె చేతికొచ్చేసరికి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రోజు నేను చెప్తానులే, ముందు నడవడం మాత్రం పండు నడవనీ, అలవాటైనోడు" అన్నాడు. నవ్వకండి, ఆడికీ పిల్లలున్నారు. మొగోళ్లు కూడా నవ్వారంటలే. ఆ నవ్వులోనే పండురెడ్డి చెయ్యి చాపి ఈటె తీసుకున్నాడు. ఎవరూ నడవమన్లేదు, తనే తీసుకున్నాడు.

చెల్లాయి అది చూసింది. ఎన్ని అబద్ధాలాడినా ఈ మనిషి ముందే నడుస్తాడని అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. తెలిశాక ఏం చేసిందంటే, మొగుడి పక్కన కూర్చుని, కింద మడుగు చూపించింది. "రేపు తెల్లారి అక్కడుంటాది. అది చందురుడొచ్చాకే దిగుతాది, ఈరోజు బెదిరింది కాబట్టి రేపు ఇంకా ఆలస్యంగా దిగుతాది. మీరు ఎన్నెల లేవగానే ఎల్లి అవతల గట్టున కూర్చోండి. కుక్కల్ని నీళ్లలోకి ఒదలకండి. నీళ్లలో నిలబడ్డప్పుడు ఎవరూ దాని మీదకెళ్లకండి, గట్టెక్కనివ్వండి, అప్పుడు వెయ్యండి" అంది. తన మొగుడు ఎదురెళ్లే చోటు తన నోటితో చెప్పింది. చెప్పి, మావని పట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆ పగలూ ఆ రాత్రీ ఎలా గడిచిందో నేను చెప్పలేను, ఆవిడా ఎవరికీ చెప్పలేదంట.

మర్నాడు సాయంత్రం దిగారు. ఈసారి కర్రకి కట్టినది ఒక్కటే ఉంది. పండురెడ్డి ముందు నడుస్తున్నాడు, మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. నెత్తురు బుట్టల్లో పడింది, గింజ నేలలో పడింది. ఆ తర్వాత రోజు చెప్పే మర్యాద సింగిరెడ్డిదే అయింది. కాకపోతే ఏటా ఆ యేళకి జోగిరెడ్డి అరుగుమీద కూర్చుని, గోడతో మాట్లాడినట్టు, "ఈమధ్య చందురుడు ఏ యేళకొస్తున్నాడో ఏంటో" అనేవాడంట. లోపల్నించి చెల్లాయి చెప్పేది. ఆ దారినే పోతున్న సింగిరెడ్డి విననట్టే ఎళ్లిపోయేవాడు.

మొగోళ్లు చెప్పే కథలో ఈ ముక్కలేవీ ఉండవు. ఆళ్ల కథలో ఆ మడుగు కనిపెట్టింది సింగిరెడ్డి కుక్క. దాని పేరు కూడా చెప్తారు, సోగ్గాడంట. చెల్లాయిని మాత్రం పండురెడ్డి పెళ్లాం అంటారు, అదీ గుర్తొస్తేనే. నేను మా అమ్మమ్మ దగ్గర విన్నది మాత్రం ఇలా విన్నాను. కుక్క కూడా ఎల్లే ఉంటాదిలే పాపం, నేను కాదనను.