బట్ట చాల్లేదన్న టైలరమ్మ

అధ్యక్షత వహించిన ప్రిన్సిపాల్ గారికి, నా చేతికి మొట్టమొదటిసారి కత్తి ఇచ్చి పక్కకి తిరిగి దండం పెట్టుకున్న మా గురువుగారికి (నవ్వులు), నా నోటిని ఇన్నేళ్లు భరించిన చిగుళ్ల విభాగం మిత్రులకి, నోరు తెరిచి కూర్చుని నా సోదంతా తిరిగి ఒక్క మాటనకుండా విన్న పేషెంట్లకి, ముందు వరసలో అప్పుడే వాచీ చూసుకుంటున్న మావారికి నమస్కారం.

జ్ఞాపకాలు చెప్పమన్నారు, పది నిమిషాలన్నారు. జ్ఞాపకాలు తర్వాత టీ తాగుతూ చెప్పుకుందాం. నిన్న మధ్యాహ్నం నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. ఎందుకో చెప్పకపోతే నాకు ఊపిరాడదు. నిన్న ఎక్స్‌రే గదిలో ఒక ఫిల్ము చూశాను. ఏడేళ్ల కిందట ఎముక లేక గుంటపడ్డ చోట ఇవాళ ఎముక నిండుగా, తెల్లగా ఉంది. అందులో బిగించిన స్క్రూ పన్ను అంగుళంలో నూరో వంతు కూడా కదల్లేదు. ఏది పాత ఎముకో ఏది మేం పెట్టినదో చెప్పమంటే, ఎవరు ఏమడిగినా ఠక్కున చెప్పే మా ఎక్స్‌రే ఆయన కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేనైతే గెంతాను. అరవయ్యో ఏట, తెల్లకోటుతో! (నవ్వులు) నవ్వండి, ఎవరూ ఫొటో తియ్యలేదు.

మా విద్య తెలియని చుట్టాలు చాలామంది వచ్చారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. పన్ను తీసేస్తే దాన్ని పట్టుకున్న ఎముక మెల్లగా కరిగిపోతుంది. ఎముక లేకపోతే కొత్త పన్ను నిలబడదు. మేం చేసిందేమిటంటే, తీసేసిన పన్నునే శుభ్రం చేసి, రవ్వలా పొడిచేసి, ఆ గుంటలో నింపి, పైన చిగురు కప్పి కుట్టేయడం. ఆ రవ్వ చుట్టూ ఎముక పెరుగుతుంది. కానీ రెండు వారాలపాటు పైన చిగురు విడిపోకూడదు. విడిపోయిందా, పెట్టిందంతా బయటికి వచ్చేస్తుంది.

మాకు విడిపోయేది. మొదటి పదకొండుమందిలో ఏడుగురికి! ఒకాయనైతే కాగితం పొట్లం కట్టి తెచ్చి, "డాక్టరమ్మా, మీ ఇసుక మీకే" అని నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. విడిపోయినప్పుడల్లా నేను రెండు పనులు చేసేదాన్ని. ఏం తిన్నావని పేషెంటు మీద విరుచుకుపడేదాన్ని. తర్వాతవాళ్లకి కుట్టు ఇంకొంచెం బిగించి వేసేదాన్ని. ఇంకో రెండు చెడితే పరిశోధన ఆపేస్తామని కమిటీ తేల్చి చెప్పింది. ఆ కమిటీకి పెద్ద ఎవరో నేను చెప్పను, ఇప్పుడు అధ్యక్ష స్థానంలో నీళ్లు తాగుతున్నారు. (నవ్వులు)

పన్నెండో మనిషి టైలరమ్మ. ముప్పై ఏళ్లు దారం పంటితో తెంపి తెంపి ముందుపన్ను విరగ్గొట్టుకున్న మనిషి. ఐదో రోజుకి వచ్చింది. చిగురు విడిపోయింది. నేను మొదలుపెట్టాను. దారం కొరికావా, గట్టివి నమిలావా, చెప్పిన మాట వినరు మీరు, అని ఆయాసం వచ్చేదాకా తిట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, అద్దం అడిగి, పెదవి ఎత్తి చూసుకుని అంది: "కుట్టు బాగానే ఉందమ్మా. బట్టే చాల్లేదు."

నాకు ఒళ్లు మండింది. ఆవిడేమో నింపాదిగా, "చంకలో బిగువైన చొక్కా ఎక్కడ చిరుగుతుందమ్మా? కుట్టు పక్కనే. చేతకాని టైలరు దాన్నే ఇంకా గట్టిగా కుడతాడు" అంది. ఆ చేతకాని టైలరు ఎవరో గదిలో అందరికీ అర్థమైంది. మా నర్సక్క గోడకేసి తిరిగి నవ్వుకుంది. చూశాను నర్సక్కా, ఏడేళ్ల తర్వాత చెప్తున్నాను, చూశాను!

ఆదివారం ఆవిడ కొట్టుకి వెళ్లాను. రెండు మిషన్లు, ఒక గోడ నిండా దారపు ఉండలు, ఉతికితే కుంచించుకుపోయిన చొక్కాల గుట్ట. అస్తరు వేసిన గుడ్డ ఒకటి తీసి, లోపలి అస్తరుకి మాత్రం సన్నగా గాటు పెట్టి, పైగుడ్డ ఎలా సాగి వస్తుందో చూపించింది. చిగురు లోపలి పొరకి పెట్టే ఆ గాటు మా పుస్తకాల్లోనూ ఉంది, నేనే పాతికేళ్లుగా పాఠం చెప్పాను. లేనిది ఆ తర్వాత ఆవిడన్న మాట. "కుట్టేముందు మేం చొక్కా తొడిగి చెయ్యెత్తమంటాం. మీరు మనిషిని పడుకోబెట్టి, నోరు తెరిపించి కొలత తీస్తున్నారు. ఇంటికెళ్లాక ఆ మనిషి మాట్లాడుతుంది, ఆవలిస్తుంది, మొగుణ్ణి తిడుతుంది. ఆ కొలత ఎవరు తీస్తారమ్మా?"

మూణ్ణెల్లకి, గాయం మానాక, మళ్లీ ఆవిడకే చేశాం. ఈసారి జ్ఞానదంతం తీసి రవ్వ చేశాం. ఇదీ విడిపోతే ఆవిడ పక్కపన్ను కూడా పోతుంది, నా పరిశోధనా పోతుంది. వద్దంటే తప్పుపట్టనని చెప్పాను. "నా మాట నా మీదే చూడకపోతే ఇంకెవరి మీద చూస్తారు" అని కుర్చీ ఎక్కింది. గాటు పెట్టాను, చిగురు కప్పాను, సూది పక్కన పెట్టి "మాట్లాడక్కా" అన్నాను. మత్తెక్కిన పెదవితో ఆవిడ అన్న మొదటి మాట, "ఎడం పక్క ఇంకాస్త వదలాలి." (నవ్వులు, చప్పట్లు) వదిలాను. నిలిచింది! ఆ తర్వాత నలభై ఆరుమందిని కుట్టకముందు మాట్లాడించాం, నవ్వించాం, ఒకాయన చేత పాట కూడా పాడించాం. విడిపోయింది ఇద్దరికే.

(చప్పట్లు) చప్పట్లు ఆపండి. అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఆ పద్ధతి మీద నేను రాసిన వ్యాసంలో, "మా బృందం గమనించింది" అని రాశాను. ఆవిడ ఊసే లేదు. దర్జీ చెప్పిందంటే పెద్దలు నవ్వుతారని భయపడ్డాను. ఒక్కో సభలో చప్పట్లు కొడుతుంటే ఆ భయం పోయింది, దాని బదులు రుచి పట్టుకుంది. ఇదిగో, ఈ బల్ల మీద మీరు చెక్కించి తెచ్చిన జ్ఞాపిక మీద కూడా "ఈ పద్ధతి సృష్టికర్తకు" అని ఉంది. ఇందాక చదివి తలదించుకున్నాను, మీరంతా వినయం అనుకున్నారు.

నిన్న టైలరమ్మ దవడ ఫిల్ము చూసి నేను గెంతుతుంటే ఆవిడే అడిగింది, "చెయ్యెత్తే సంగతి పుస్తకంలో రాశారా అమ్మా?" అని. ఏడేళ్లలో అడిగింది ఆ ఒక్కసారే. రాశానన్నాను. అబద్ధమాడాను. ఆవిడ మొహం ఎంత వెలిగిందంటే, ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని అంతా చెప్పేశాను. మావారు ఒక్కటే అన్నారు, "రిటైరయ్యేది రేపు కదా, ఇంకా టైముంది."

పొద్దున ఆ వ్యాసం వేసిన పత్రిక వాళ్లకి సవరణ పంపాను. ప్రిన్సిపాల్ గారూ, పదిన్నరకి మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదే. (పెద్దగా నవ్వులు) రచయితల్లో మొదటి పేరు ఆవిడది. అర్హత అన్న చోట "దర్జీ, ముప్పై ఏడేళ్ల అనుభవం" అని రాశాను. వాళ్లు వేస్తారో వెయ్యరో తెలియదు. వెయ్యకపోతే, రేపట్నుంచి నాకు వేరే పని లేదు, రోజూ రాస్తూనే ఉంటాను.

ఆఖరు వరసలో, తలుపు పక్కన కూర్చున్న టైలరమ్మక్కా, నిన్న మీతో అబద్ధం చెప్పాను. రాయలేదక్కా. ఇవాళ రాశాను. ఈ జ్ఞాపిక మీద అక్షరాల్లో తప్పు లేదు, మనిషే తప్పు. మీరు తల అడ్డంగా ఊపకండి, లేవండి. నర్సక్కా, ఆవిడ చెయ్యి పట్టుకో.

ఇన్నేళ్లు నా కోపాన్ని, నా తొందరని, ఈ ఒక్క పిరికితనాన్ని కూడా మోసిన మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. ఆవిడ వస్తోంది, దారివ్వండి. నేను దిగుతున్నాను. సెలవు.