పలకని స్వామి

బిలాస్‌పూర్‌లో ఓ ఆసుపత్రి. గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్లబోతుండగా రైల్వే కాలనీ గుడి పూజారి తన భార్య చెయ్యి పట్టుకున్నాడు.

“నాకు భయమేస్తందే.”

“నరసింహస్వామి ఉన్నాడండీ. అందరికీ మీరే కదా చెప్తారు.”

“ముప్పై ఏళ్లు చెప్పేను. ఉన్నాడని నాకు తెలీదు.”

“ఏటండీ, ఇప్పుడా ఆ మాట?”

“ఇప్పుడు కాపోతే ఎప్పుడు? మంత్రాలు తెలుసు, తిథులు తెలుసు. వినేవాడున్నాడో లేడో ఒక్కనాడూ తెలీలేదు. జనాన్ని మోసం చేసేనేమో.”

“మన అమ్మాయి పురిటినొప్పులు పడుతున్నప్పుడు గర్భగుడిలోంచి బయటికే రాలేదు మీరు. మరి ఎవర్ని పిలిచేరు?”

“భయమేసి పిలిచేను. పలకలేదు. పుట్టిన బిడ్డ దక్కలేదు.”

“అయినా మర్నాడు గుడి తలుపు తీసేరు.”

“తీసేను. ఎందుకో తెలీదు.”

నర్సు వచ్చి, “చలియే అంకుల్‌జీ” అంటూ స్ట్రెచర్ కదిపింది.

“ఒక్క నిమిషమమ్మా. ఏమే, నిజం చెప్పు. ఆయనున్నాడని నీకైనా తెలుసా?”

ఆమె స్ట్రెచర్ పక్కనే నాలుగడుగులు నడిచింది.

“తెలీదండీ. నాకూ భయంగానే ఉంది.”

అతను ఆమె వేళ్లను వదల్లేదు.

“అయితే ఇద్దరం కలిసి పిలుద్దాం” అన్నాడు.