పోలేరమ్మకు నీళ్లు పోసే రోజు

పెన్షను కోసం వచ్చిన ముసలావిడ, ఖాళీ రిజిస్టరు ముందేసుకుని కూర్చున్న, పంచాయతీ సెక్రటరీగా పనిచేసే పిల్లని చూసి ఆగిపోయింది.

“ఏమ్మా, గ్రామసభకి మళ్లీ ఎవరూ రాలేదా?”

“రెండోసారి మామ్మగారూ! ఈ నెలలో సభ జరిగి తీర్మానం కాకపోతే మనకి మంజూరైన మంచినీళ్ల పైపులైను పక్కూరికి పోతుంది.”

“మిరపకోతల్లో పెడితే ఎట్టా తల్లీ? తెల్లారకముందే ఆటో ఎక్కి కూలికి పోతారు.”

“మరి ఎప్పుడు పెట్టమంటారు?”

“ఆదివారం పోలేరమ్మ కొలుపు. ఆ రోజు ఎవరూ చేలోకి పోరు. ఇంటికో ఆడమనిషి బిందెడు నీళ్లు తెచ్చి అమ్మకి పోస్తుంది. పక్కనే బడి ఉందిగా, అందులో పెట్టు.”

“నీళ్లు పోసి ఇళ్లకి పోతారేమో!”

“పోనిస్తానా? ఆ రోజు పాట ఎత్తేది నేనే. పాటయ్యాక ఒక్కొక్కదాన్నీ బళ్లోకి తోలుకొచ్చి, ఆ బిందె ఎంత దూరం నుంచి మోసుకొచ్చావో చెప్పవే అంటాను. నువ్వు రాసుకో.”

“మీరెక్కడి నుంచి తెస్తారు?”

“పొలిమేర బోరు నుంచి. మూడుచోట్ల దించుకుంటూ, మోకాళ్లని తిట్టుకుంటూ.”

ఆ పిల్ల నవ్వి, నోటీసులో తేదీ మార్చింది.

“మైకులో చెప్పించనా?”

“మైకు రెండుసార్లు అరిచిందిగా, ఎవరొచ్చారు? ఇంటింటికీ నేనే పోయి బొట్టు పెట్టి పిలుస్తాను. ఎవరు రారో చూస్తా!”