గడువు దాటిన సంతకం

అల్లూరులో నవోమి వంటింట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. మరిది సుశీల్ కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అందుకే చెప్తున్నా వదినా, నీ ప్రోగ్రాం మీద సంతకం పెట్టే ఆ డిజిటల్ కీ గడువు నువ్వే పొడిగించి మర్చిపోయుంటావు."

"నేను పొడిగించలా, సుశీల్."

"మరి నిన్నటిదాకా ఒక్క రొయ్యల చెరువు కాడ కూడా నీ ప్రోగ్రాం అప్‌డేట్ దిగలా. నీ సంతకం గడువు దాటిందని ఫోన్లన్నీ వద్దన్నాయి. పొద్దున్నుంచి సుబ్బరంగా దిగతన్నాయి. ఇంకెవరు చేస్తారు?"

"నేనూ అదే అడుగుతున్నా. ఇంకెవరు?"

"ఏమో! పని జరిగింది గదా, వదిలెయ్. జనం నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు తిప్పేది నీ ప్రోగ్రాం చూసే. నిన్న ఆ చెరువులాయన రంగనాయకులన్న తిట్టిన తిట్లు..."

"ఇన్నేళ్లు ఊరికే వాడుకున్నాడే, ఒక్కనాడన్నా బాగుందమ్మా అన్నాడా?"

"అసలా గడువెందుకు? తీసేస్తే పీడా పోద్ది."

"రేపు నేను పోతే, నా సంతకం కూడా దానంతటది ఆగిపోవాలని. పొడిగించాలంటే ఆ కీ చేతిలో ఉండాల. ఉండేది రెండే చోట్ల. నా కాడ, నా ఆపరేషన్ అప్పుడు నమ్మి నీకిచ్చిన పెన్‌డ్రైవ్‌లో."

"అది ఇస్కపల్లి కాడ సముద్రంలో పడిపోయిందని చెప్పినా గదా."

"మొన్న పగిలిపోయిందన్నావు."

"పగిలింది... పగిలితేనే పారేసినా."

"పోయిన నెల నా సంతకంతో ఒక అప్‌డేట్ పోయింది. నేను పంపలా. చెరువులోళ్ల ఫోన్ నంబర్లన్నీ మేత డీలర్‌కు చేరేటట్టు అందులో రాసుంది."

"ఎవడో హ్యాకర్ అయ్యుంటాడు."

"నువ్వు పనిచేసే డీలర్ మీద ఏ హ్యాకర్‌కు అంత ప్రేమ?"

"వదినా, నోరు జారబాక!"

"ఛీ! ఈ రొయ్య తలకాయల కంపే నయం. నన్ను నమ్మినోళ్ల నంబర్లు అమ్ముకొని, ఆదివారం గుడిలో నా ముందర వరసలోనే నిలబడి పాడినావే, గొంతెట్టా వచ్చింది?"

"ప్రభువు తోడు, ఆ కాపీ నా కాడ లేదు."

"ఆయన్ని మధ్యలోకి లాగబాక."

"మతిమరుపు నీది. గడువు మర్చిపోయింది నువ్వు. నింద నా మీదా?"

"మర్చిపోలా అబ్బయ్యా. కావాలనే దాటనిచ్చినా. కాపీ లేదన్న నీ మాట నిజమైతే, ఆ కీ ఈపాటికి చచ్చిపడుండాల."