ఛాంపియన్ తలపట్టీ

1983 జనవరి మంచుకి అమెరికాలో పార్సిప్పనీ ఊళ్ళోని ఆ ఆటసామాన్ల కొట్టుకి వచ్చింది యజమాని అత్తగారు ఒక్కరే. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"కొంప మునిగిందండీ అత్తయ్యగారూ. ఆ స్వీడన్ టెన్నిస్ ఛాంపియన్ రిటైరయ్యాడు."

"పోనీలెండి బాబూ. యాభై ఎనిమిది నిండుంటాయి."

"ఇరవై ఆరండీ! వింబుల్డన్ వరసగా ఐదుసార్లు గెలిచినవాడు."

"ఆ వయసుకి మీ మామగారి ఉద్యోగం పర్మనెంటే కాలేదు. అతనికేం రోగం?"

"ఆటంటే విసుగట. రోగం నాకొచ్చింది. వాడు నుదుటికి కట్టుకునే పట్టీల్లాంటివి ఆరువందలు తెప్పించాను. ఇంకెవరు కొంటారు?"

ఆవిడ గోడమీదున్న ఆ ఛాంపియన్ పోస్టరు వంక జాలిగా చూసింది.

"అయ్యో, అన్నేళ్ళూ తలకి గుడ్డ కట్టుకునే ఆడాడా? ఎంత తలనొప్పి లేకపోతే! కాస్త అమృతాంజనం రాసేవాళ్ళే లేకపోయారా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. 'ఛాంపియన్ పట్టీలు' అన్న అట్టను తిరగేసి, వెనకవైపు 'తలనొప్పి పట్టీలు' అని పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాశాడు.

"బేరం తగులుతుందంటారా బాబూ?"

"తగిలిందండీ. మొదటిది నాకే, కాస్త గట్టిగా కట్టండి."